తుంగమడుగు కాపలా

కాంట్రాక్టరు మనుషులు వల లాగి ఒడ్డున కుమ్మరించారు. పొట్టనిండా గుడ్లున్న తల్లిచేపలు, వాటి మధ్య వేలెడంత లేని పిల్లలు. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ చెరువులోని తుంగమడుగులో ఎవరూ వల వేయకూడదన్నది ఊరి కట్టుబాటు. ఆ మాట చెప్పబోయిన కాపలా తాతను మెడబట్టి బురదలోకి తోశారు. వలలల్లే ఆమె, ఊరంతా వదినా అని పిలిచే మనిషి, అది కళ్లారా చూసింది. ఆమె మొగుడు ఆ కాంట్రాక్టరు పడవలోనే కూలీ.

మధ్యాహ్నం వలల షెడ్డుకు కాంట్రాక్టరే వచ్చాడు. "వారంలో ఇరవై వలలు కావాలి. దోమతెరంత సన్నంగా."

"మూడు వేళ్లు దూరనంత చిన్న కన్నున్న వల మేం అల్లం బాబూ," అంది వదిన పక్కన కూర్చున్న ఆమె అత్త.

"చెరువు లీజు నాది. మీ వేళ్లెవడిక్కావాలి?" వదిన వైపు తిరిగాడు. "మీ ఆయన పని నా చేతిలో ఉంది. గుర్తుందిగా?"



సాయంత్రం ఊరంతా షెడ్డులో కూడింది.

"మనం అల్లకపోతే పట్నం నుంచి తెప్పిస్తాడు. మన పొట్ట మనమే కొట్టుకోవడం ఎందుకు?" అన్నాడు వదిన మరిది.

బురద ఆరని పంచెతోనే తాత లేచాడు. "మా వయసులో దొరికిందల్లా ఊడ్చేశాం. చివరికి రోజంతా తిరిగినా పిడికెడు చేప పడలేదు. అప్పుడు గుడ్ల కాలంలో మడుగు జోలికి పోవడం మానేశాం. మూడేళ్లకు చెరువు కోలుకుంది. ఈ కట్టుబాటు దేవుడు చెప్పింది కాదురా, ఆకలి చెప్పింది."

"పోలీసులు వాడి జేబులో ఉన్నారు తాతా!" అన్నాడు మరిది.

"ఉండనీ," అంది అత్త. "ఊరంతా పట్టే జేబు ఎక్కడ కుట్టిస్తాడో చూద్దాం!"

అందరూ నవ్వారు. వదినకు నవ్వు రాలేదు. "నాకు భయమేస్తోందత్తా."

"మాకు లేదా ఏంటే? భయపడుతూనే రా."

పొద్దున్నే ఊరివాళ్ల ముప్పై పడవలు మడుగుకు అడ్డంగా వరసకట్టాయి, అందులో ఒకదాంట్లో వదిన. కాంట్రాక్టరు మోటారు పడవ దూసుకొచ్చింది. దాని ముందు కొసన నిలబడ్డది వదిన మొగుడే, చేతుల్లో సన్నకన్ను వల. వదిన పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

"వెయ్యకు! వేస్తే నా మీద వెయ్యి!"

అతను వెనకనున్న కాంట్రాక్టరును చూశాడు, పెళ్లాన్ని చూశాడు. వల పడవలోనే పడేసి నీళ్లలోకి దూకాడు. అతని వెనక మరో ఇద్దరు కూలీలు దూకారు. మోటారు ఆగిపోయింది.

ఒడ్డుకు పోలీసు జీపులొచ్చాయి. తాతను, అత్తను, వదినను పడవల్లోంచి దించి పట్టుకున్నారు. జీపెక్కుతూ వదిన వెనక్కి చూసింది. ఆమె ఖాళీ చేసిన పడవలోకి మరిది ఎక్కి తెడ్డు అందుకున్నాడు.

"వీళ్లను వదిలేదాకా ఈ చెరువులో ఒక్క వల తడవదు!" అని అరిచాడు.

ముప్పై పడవల్లో ఒక్కటీ కదల్లేదు.