పొగమంచులో ప్లేఆఫ్

సగం ఆట ముగిసేసరికి మేము ఇరవై-సున్నాతో వెనకబడి ఉన్నాం. సరిగ్గా అప్పుడే సుపీరియర్ సరస్సు మీద నుంచి పొగమంచు లేచి మైదానమంతా కమ్మేసింది.

మాది రాగి గనుల ఊరు. ఆ శనివారం దుకాణాలన్నీ కట్టేసి, మాంసం కూరి కాల్చిన వేడి పాస్టీలు గుడ్డల్లో చుట్టుకుని ఊరంతా తరలివచ్చింది. ఓడితే ఆ ఏడాదికి మా అమెరికన్ ఫుట్‌బాల్ అయిపోయినట్టే. ఎదుటివాళ్ళు పెద్ద వంతెన అవతల పట్నం నుంచి వచ్చారు. ఒక్కొక్కడూ మాకంటే జానెడు ఎత్తు.

ఆటలో ప్రతి ఎత్తు మొదట్లోనూ వంగి బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించడం నా పని. అందుకునేవాడు మా క్వార్టర్‌బ్యాక్ ఆర్విడ్ లాహ్తి. అక్కణ్ణుంచి ఆట అతనిదే అనుకుంటారు చూసేవాళ్ళు. నిజానికి మైదానం పక్క గీత అవతల నిలబడి కోచ్ ట్రెవారో చేతులతో సైగ చేసేవాడు. ఆర్విడ్ అది మాకు చెప్పేవాడు, మేం చేసేవాళ్ళం.

విరామం తర్వాత గుంపుగా చేరాం. ఆర్విడ్ గీత వైపు చూశాడు. తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. అందులోంచి ఏదో అరుపు మాత్రం వచ్చింది.

"ఏమంటున్నాడ్రా కోచ్?"

"ఎడమ వైపన్నట్టుంది."

"కాదెహె, ఆగమన్నాడు."

కబురు చెప్పమని కోచ్ పంపినవాడు దారి తప్పి, అవతలి జట్టు గుంపులో దూరి నిలబడ్డాడని తర్వాత తెలిసింది.

ఆర్విడ్ మా మొహాలు చూశాడు. "నాకు బుర్ర పనిచెయ్యట్లేదురా. మీ ముందేం కనిపిస్తోందో మీరే చెప్పండి."

ఆ మాట అతనెప్పుడూ మమ్మల్ని అడగలేదు. చివరికి మాలో అందరికంటే భారీ మనిషి, నోట్లోంచి మాటే రాని డేల్ కెంపైనెన్ గొంతు సవరించుకున్నాడు.

"నా ఎదురుగా ఉన్నవాడు ఆయాసంతో రొప్పుతున్నాడు. తోసెయ్యొచ్చు."

"ఖాయమేనా?"

"ఏమో. తోసి చూస్తే కదా తెలిసేది!"

తోశాడు. అతని వెనకే ఆర్విడ్ బంతితో దూరాడు. మళ్ళీ అటే, మళ్ళీ అటే. నా బూటు కింద సున్నపు గీత కనిపిస్తే గానీ చివరిదాకా వచ్చేశామని తెలియలేదు. ఆరు పాయింట్లు. బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నితే ఇంకొకటి. తన్నేవాడు కూడా డేలే. అప్పటికింకా స్తంభాలు లీలగా కనిపిస్తుండడంతో బంతి లోపలికే వెళ్ళింది.

తర్వాత మంచు ఇంకా దట్టమైంది. పట్నంవాళ్ళు దూరంగా విసిరిన బంతులన్నీ ఎక్కడ పడ్డాయో వాళ్ళకే తెలియలేదు. మా పరిస్థితీ అంతే. బంతి పట్టుకోవడానికి పరిగెత్తే రస్టీ పాస్కో ఆర్విడ్‌కి అసలు కనిపించడమే లేదు.

"మా ఆవుల్ని పిలిచినట్టు పిలవనా?" అన్నాడు రస్టీ. వాళ్ళది పాల వ్యాపారం.

"పిలువు. గొంతు ఎక్కణ్ణుంచి వస్తే అక్కడికి విసురుతా."

"కో... బాస్!" అని ఆవుల్ని పిలిచే కేక. పట్నంవాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళ నవ్వు ఆగేలోపే బంతి రస్టీ చేతిలో పడింది, వాడు చివరి గీత దాటేశాడు. డేల్ తన్నుడుతో పద్నాలుగయ్యాం.

ఆ తర్వాత వాళ్ళు తెలివి మీరారు. కేక వినబడితే చాలు, అందరూ అటే పరుగు. ఎంత సమయం మిగిలిందో తెలియదు. గడియారం కనిపించదు. గుంపులో అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం.

"రస్టీ, నువ్వు నోరు మూసుకుని కుడి మూలకి పో. మిగతావాళ్ళు ఎడమ వైపు తిరిగి అరవండి," అన్నాడు ఆర్విడ్. ఆ మాట ముందు అతనే అన్నాడో, మాలో ఎవరిదో అందుకున్నాడో ఇప్పటికీ చెప్పలేను.

గొంతులు చించుకున్నాం. డేల్ కేక ఆవుని పిలిచినట్టు కాదు, ఎద్దుని కోసినట్టుంది. శత్రువులంతా అటే విరుచుకుపడ్డారు. ఆర్విడ్ తెల్లటి శూన్యంలోకి బంతి విసిరాడు. ఎంతసేపటికో మూల నుంచి రెఫరీ ఈల మోగింది.

"పట్టాను!" అని రస్టీ గొంతు. "అంటే, అదే వచ్చి రొమ్ములో దిగింది!"

ఇరవై-ఇరవై. ఇంక తన్నుడొకటే మిగిలింది. ఆర్విడ్ మోకాలి మీద కూర్చుని బంతి నిలబెట్టాడు.

"స్తంభాలేవిరా?" అన్నాడు డేల్.

"నా ముక్కుకి సూటిగా తన్ను."

తన్నాడు. బంతి మంచులో కలిసిపోయింది. ఏ చప్పుడూ లేదు. స్తంభాల దగ్గరి నుంచి రెఫరీ ఒకడు మెల్లగా బయటికి నడిచొచ్చాడు, రెండు చేతులూ పైకెత్తి.

"చేతులెత్తితే... అయినట్టే కదూ?" అని నన్నడిగాడు ఆర్విడ్, బుడ్డోడిగా ఉన్నప్పటి నుంచీ ఈ ఆటే ఆడుతున్నవాడు.

అవతలివాళ్ళు ఒక్క ఎత్తు వేసేలోపే ఆట ముగిసింది, ఒక్క పాయింటుతో గెలిచాం. మెట్ల మీది జనంలో సగం మంది ఓడామనుకుని అప్పటికే కార్లెక్కారు. కోచ్ మంచులో తడుముకుంటూ వచ్చి ఆర్విడ్ భుజాలు పట్టుకున్నాడు.

"ఆ చివరి ఎత్తు ఎవడిదిరా?"

ఆర్విడ్ మా వైపు చూశాడు. మేం అతని వైపు చూశాం.

"ఏమో కోచ్," అన్నాడు. ముందు నవ్వాడు, ఆ తర్వాత ఎందుకో బావురుమన్నాడు. డేల్ అతన్ని ఎత్తి భుజాన వేసుకుని, మేం బట్టలు మార్చుకునే గది తలుపు ఎటుందో తెలియక, దాని గోడ వెంబడే నడిచాడు.