విద్వాంసుని యూపిరి తెగిన చోటు

అది యాయన యూపిరి కాదు, యంత్రము తడబడిన చప్పుడు, చెవియున్నవాడెవ్వడైనను గ్రహింపవలసిన భేద మది యని పరాంకుశము తనలో తాను వాదించుకొనుచుండగా వైశాఖమధ్యాహ్నమార్తాండుడు తెనాలి వీథులలోని తారును గరగించి బాటసారుల చెప్పుల కంటించుచుండెను. రేకుల కప్పు గల యాతని రికార్డింగు దుకాణములో పంకా తిరుగుచున్నను వేడిగాలి యొక గోడనుండి మఱియొక గోడకు జరుగుటయే కాని చల్లబడుట లేదు. ఆ యుక్కకంటె దుస్సహమైన కోప మొకటి యుదయమునుండి యాతని వక్షఃస్థలమున గూర్చుండి తనకు దగిన ముఖమును వెదకుకొనుచుండెను.

కడచిన సంవత్సర మీ దినములలోనే కీర్తిశేషుడైన నాదస్వరవిద్వాంసుడు అచ్యుతయ్యగారి కడపటి కచేరీని దృశ్యశ్రవణసహితముగా పట్టి రెండు పొరల డీవీడీ నొకదానిని సిద్ధపఱచినవాడు పరాంకుశమే. అట్టి డిస్కులో నొక పొరపై నింకొక పొర యుండును. డిస్కును చదువు కాంతికిరణము మొదటి పొరను ముగించి రెండవదానిపై దృష్టి నిలుపుకొనులోపల బొమ్మయు ధ్వనియు లిప్తపాటు స్తంభించును. ఆ స్తంభన మెచ్చట పడవలెనో నిర్ణయించుట తయారుచేయువాని చేతిలోనిది. పరాంకుశము మూడు దినములు కచేరీ యంతయు మరలమరల విని విద్వాంసు డాలాపన ముగించి సన్నాయిని పెదవులనుండి దించి పీకను తడుపుకొను నొకానొక నిశ్శబ్దమును, శ్రుతి పట్టు నొత్తు సైత మాగిన యా యొక్క క్షణమును, ఎన్నుకొని పొరల సంధి నచ్చట నిలిపెను. ఏడాది పొడవున నా సంధి నెవ్వరును కనిపెట్టలేదు. కనిపెట్టకుండుటయే యాతని గర్వము.

నిన్నటి సాయంకాలము సంవత్సరీకసభలో ప్రదర్శించినది మాత్ర మా డిస్కు కాదు. దానికి పరాంకుశము బావమరది తిరుమలేశు తీసిన యిరువది నకళ్లలో నొకటి. తారస్థాయి షడ్జమమును అచ్యుతయ్యగారు సుదీర్ఘముగా నిలిపి సభను తన శ్వాసకు గట్టివేసిన ఘట్టమున, అయ్యో, సరిగా నా స్వరముయొక్క నడుమనే, ధ్వని తెగిపోయి మరల నతికినది.

ఆ సంగతి తెలుపుటకై ముప్పది సంవత్సరములు విద్వాంసుని ప్రక్కన డోలు వాయించిన వీరాస్వామి యుదయముననే దుకాణమునకు వచ్చి బల్లపై గూర్చుండెను.

“నిన్న సభలో ఏమన్నారో తెలుసా పరాంకుశం? పాపం, ఆఖర్న అచ్యుతయ్యకి ఊపిరి ఆడలేదన్నారు. పక్కనే కూర్చుని డోలు కొట్టినోణ్ణి, నాకు తెలియని ఆయాసం నీ డిస్కుకెట్టా తెలిసిందిరా?”

“అది ఊపిరి కాదు బాబాయ్. పొర మారే చోటు తప్పింది.”

“పొరలూ తెరలూ నాకు చెప్పమాక. ఆ మాట విని ఆయన భార్య నరసాయమ్మ తల ఎత్తలేదు. సాయంత్రం ఆరింటికి మళ్లీ వేస్తారు. సరైన డిస్కు ఇయ్యి. తప్పెవరిదో కాగితం మీద రాసియ్యి, సభలో చదివిస్తా. లేకపోతే ఆయాసం ఆయన పేరుకే ఉండిపోద్ది.”

అనంతరము పంకావంక జూచి, “ఇది కూడా నీ డిస్కు తమ్ముడే. మధ్యమధ్య ఆగి తిరుగుతోంది” అనెను.

పరాంకుశము కాగితము తీసి వ్రాసెను. ‘ఈ దోషము విద్వాంసునిది కాదు. నకలు తీసిన నా బావమరది తిరుమలేశు అజాగ్రత్తవలన గలిగినది.’ ఆ పేరు వ్రాయుచున్నంతసేపును చేతికి వింతయైన హాయి కలిగెను. కోపమునకు ముఖము దొరకినది. ఆ హాయి న్యాయముయొక్క హాయి యని యాతడు నమ్మెను.

భోజనము చేసి తిరుమలేశు గడప దాటినంతనే పరాంకుశము విరుచుకుపడెను.

“షడ్జం మీద కోశావే, చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?”

తిరుమలేశు తువ్వాలుతో మెడ తుడుచుకొనుచు నిలుచుండెను. “ఎక్కడ కొయ్యాలో నాకెవరు చెప్పారు బావా? నువ్విచ్చిన దాంట్లో పెద్ద ఫైలు ఒక్కటే ఉంది. పక్కన చిన్నదొకటి ఉండాలిగా అని అడిగా. ఆ చెత్తంతా నేనే తుడిచేశా, ఇది చాలు పో అన్నావు. అందులోని అంకె లేకపోతే యంత్రం సగానికి సగం చేసి మొదటి పొర అక్కడే ఆపేస్తుంది. దానికి రాగం తెలుసా?”

వీరాస్వామి తలయెత్తి పరాంకుశమువంక జూచెను.

కచేరీని కంప్యూటరులోనికి దింపిన దినమున డిస్కు బింబమైన పెద్ద ఫైలుతోపాటు పుట్టిన యా చిన్న ఫైలు పరాంకుశమునకు జ్ఞప్తికి వచ్చెను. రెండు మూడు పంక్తులు. పొర యెచ్చట తెగవలెనో తెలుపు నొక యంకె. బింబమున కచేరీ యంతయు గలదు కాని యా చోటు లేదు. వానకాలమున స్థలము చాలక శుభ్రపఱచునపు డక్కఱలేనివానిని గుర్తించుటలో తన్ను మించినవాడు లేడను ధీమాతో దాని దుడిచివైచినది తానే. ఉదయము వీరాస్వామి నోరు తెఱచినప్పుడే యీ జ్ఞాపకము లోపలనెక్కడనో కదలినదనియు దానిపై తలుపు మూయుటకే తాను అంత కోపము తెచ్చుకొంటిననియు నాతనికి స్పష్టమయ్యెను. అయినను కోపము తగ్గలేదు. దాని ముఖము మాత్రము మాఱెను. ఆ ముఖము నాతడు ప్రతిదినము నద్దములో జూచి గీచుకొనుచున్నదే.

బీరువా తెఱచి మొదటి డిస్కును దీసి యంత్రమున నుంచెను. అది కొంతసేపు గురగురలాడి తెరపై నంకెను జూపెను: 1984512. ఆ యంకె నొప్పగించి క్రొత్త డిస్కును వ్రాయింపగా ముప్పావుగంట గడచెను. 

పిమ్మట డిస్కు నాడింపగా షడ్జమ మఖండముగా సాగి దిగివచ్చి యాలాపన ముగిసెను. కన్నులు మూసి తొడపై వ్రేళ్లాడించుచున్న వీరాస్వామి నిశ్శబ్దము వచ్చినంతనే, “ఇదిగో, ఇక్కడ పీక తడుపుకున్నాడు” అనెను. ఆ మాటకు వెనుక పొర మాఱిపోయెను. ఆతడు దాని నెఱుగడు.

ఐదున్నర యయ్యెను. వీరాస్వామి డిస్కును సంచిలో నుంచుకొని చేయి సాచెను.

“కాగితం.”

తిరుమలేశు గోడవైపు తిరిగి ప్లగ్గు లూడదీయుచుండెను. ఆ కాగితములో నేమి యున్నదో యాతడు చూడలేదు, అడుగనులేదు. ఇచ్చివేసినచో విద్వాంసుని శ్వాస నిర్దోషమగును, సభ తృప్తిపడును, తన దుకాణము పరువును నిలుచును. షడ్జమము నడుమ తెగిన దారమువలె నొక మనుష్యుని పేరు మాత్ర మూరూర మిగిలియుండును.

పరాంకుశము కాగితమును మరల బల్లపై బఱచి కలము మూత తీసి ‘నకలు తీసిన నా బావమరది తిరుమలేశు’ అను మాటలపై నిలుకడగా నొక గీత గీచి దానిక్రింద తన పేరు వ్రాసెను.