తెరవని కాపీలు

ఆ కంప్యూటర్ ఆటలో కాపలాదారు మెట్లు దిగే చప్పుడు ఆమె చేసిందే. ట్రేలో కంకర పోసి, భర్త పాత బూట్లు చేతులకు తొడుక్కుని, మైకు ముందు గంటల తరబడి నడిపించింది. తలుపు కిర్రుమన్నా, వాన కురిసినా, ఎవడి ఎముకైనా విరిగినా అన్నీ ఆ చేతుల్లోంచి వచ్చినవే. ఎముకలకైతే పచ్చి క్యారెట్లు వాడింది. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ విరిగిన క్యారెట్లే తిన్నారు.

ఆట విడుదలైన కొన్నాళ్ళకే కంపెనీ మూతపడింది. ఆన్‌లైన్ దుకాణంలో ఆ ఆట అమ్మకం ఆపేశారు. యజమాని పోతూ పోతూ పనివాళ్ళ ఖాతాల్లో తలా అయిదు బహుమతి కాపీలు వేసి చేతులు దులుపుకున్నాడు. బహుమతి కాపీ విప్పని పొట్లం లాంటిది. ఎవరికైనా పంపొచ్చు. అందుకున్నవాళ్ళు ఒక్కసారి తెరిస్తే ఇక వాళ్ళదే, మరొకరి చేతికి పోదు. ఆమె వాటిని ఉద్యోగం కోసం దాచుకుంది. ఏ ఆటల కంపెనీకి వెళ్ళినా “ఏదీ, మీ పని ఆటలో ఎలా ఉందో చూపించండి” అంటారు. ఎక్కడా దొరకని ఆటని వాళ్ళకి పంపాలంటే ఆ కాపీలే దిక్కు.

చాలాకాలానికి ఒక ఆటల కంపెనీని నడిపే పెద్దావిడ ఫోన్ చేసి ఆ మాటే అడిగింది. ఆమె సంబరంగా ఖాతా తెరిచింది. ఒక్క కాపీయే ఉంది.

పాస్‌వర్డ్ తెలిసినవాడు ఆ ఇంట్లో ఇంకొకడే. భర్త అన్నగారు, బీమా ఏజెంటు. కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ఆయనే వైద్యుడు. హాల్లో సోఫాలో కాళ్ళు చాపుకుని కార్ల పందెం ఆడుతున్నాడు.

“బావగారూ, నా కాపీలేమయ్యాయి?”

“ఏ కాపీలు?” ఆయన తల తిప్పలేదు.

“నా ఆటవి. నాలుగు లేవు.”

“ఓ, అవా! ఊరికే పడున్నాయి కదాని మార్చేశాను. దుకాణంలో లేని ఆటంటే పడిచచ్చేవాళ్ళుంటారు. ఒకడు ఒక్కోదానికి రెండేసి కొత్త ఆటలిచ్చాడు. ఈ కార్లది అందులోదే.”

“నన్నడిగారా?”

“ఇంట్లోవాళ్ళనీ అడగాలా? నేను బాగుచేసిన కంప్యూటరేగా అది!”

“బాగుచేసినందుకు నా కష్టం అమ్ముకున్నారా?”

“మాటలు జాగ్రత్తగా రానీ, అమ్మాయ్.” తెరమీద ఆయన కారు గోడకి గుద్దుకుంది. “చూడు, నీవల్లే!”

భర్త పెయింట్ల దుకాణంలో రంగులు కలుపుతాడు. గోళ్ళలో ఆకుపచ్చ రంగుతో ఇంటికొచ్చి సంగతంతా విన్నాడు.

“ఆటలే కదా, పోనిద్దూ. అన్నయ్యతో గొడవెందుకు?”

“నువ్వు కలిపిన డబ్బా ఎవడైనా ఎత్తుకుపోతే, మీ ఓనరుతో రంగే కదా అంటావా?”

అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

కాపీలు తీసుకున్నవాడు ‘గబ్బిలం’ అనే మారుపేరుతో ఆన్‌లైన్‌లో తిరిగే మనిషి. అరుదైన ఆటలు పోగేస్తాడు. జరిగింది చెప్పి, ఒక్కటైనా వెనక్కివ్వమని ఆమె రాసింది.

“మీ ఖాతా నుంచే బేరం జరిగింది. మీ ఇంటి గొడవలు నాకెందుకు?” అని జవాబొచ్చింది.

“పోనీ, ఆడారా? చప్పుళ్ళెలా ఉన్నాయి?”

“తెరిస్తే విలువ పోతుంది. అంత వెర్రివాణ్ణి కాదు. అయిదోదానికి బదులు కూడా ముందే ఇచ్చేశాను. పంపకపోతే మీరు మోసగత్తె అని మార్పిడి చేసేవాళ్ళందరికీ చెబుతాను.”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు ఆ అయిదోది కంపెనీ పెద్దావిడకి పంపి, పాస్‌వర్డ్ మార్చేసింది. బావగారి గదిలోని కంప్యూటర్‌లో తన ఖాతా తెరిచే ఉందని ఆమెకి తెలియదు.

మర్నాడు పెద్దావిడ ఫోన్ చేసింది. “మీరు పంపింది తెరుద్దామంటే లేదంటోందండీ. వెనక్కి తీసుకున్నారా?”

ఊరికే పంపిన బహుమతిని తెరవకముందు వెనక్కి లాక్కోవచ్చు, మార్పిడి కింద ఇచ్చినదాన్ని కుదరదు. బావగారు తన గదిలోంచే దాన్ని లాక్కుని గబ్బిలానికి ఇచ్చేశాడు.

“నేనే కంప్యూటర్ తీసుకుని వస్తానండీ. పనిచేసిన రోజుల్లో ఎక్కించుకున్న నా సొంత కాపీ అందులో ఉంది” అందామె.

వైర్లు పీకి, కంప్యూటర్ పెట్టె చంకనెత్తుకునేసరికి బావగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“మాటిచ్చాక తప్పితే నా పరువేం కావాలి? అందుకే పంపాను. ఇప్పుడీ సామానెక్కడికి?”

“తప్పుకోండి.”

“ఇంటి వస్తువు గడప దాటడానికి వీల్లేదు.”

“కాలిమీద పడేస్తాను, బావగారూ. చాలా బరువుగా ఉంది.”

ఆయన ఆమె మొహం చూశాడు. పక్కకి జరిగాడు.

బస్సులో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. పెద్దావిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చుట్టూ ఎవరూ లేనట్టు ఆడింది. మధ్యలో ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ వింది.

“ఈ కాపలావాడి అడుగు ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా పడుతోంది. తప్పు దొర్లిందా?”

“లేదండీ. వాడికి మోకాలి నొప్పి. బొమ్మలో చూపించే వీల్లేకపోయింది, అందుకని నేను వినిపించాను.”

పెద్దావిడ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. వచ్చే సోమవారం నుంచి పనిలోకి రమ్మంది.

కబురు ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. బస్సులోంచి భర్తకి ఫోన్ చేస్తే అతను ఆనందం పట్టలేక అన్నగారికి చెప్పేశాడు. భోజనాల దగ్గర బావగారు గ్లాసు ఎత్తి నవ్వాడు.

“ఉద్యోగం వచ్చేసిందిగా! ఇంకేం పోయిందని ఈ మూతి ముడుచుకోవడం?”

“వచ్చింది నా చేతుల వల్ల, పోయింది మీ చేతుల వల్ల. రెంటికీ చెల్లుకు చెల్లు అనకండి.”

“ఒరేయ్, మీ ఆవిడ మాటలు వింటున్నావా?”

“వింటున్నాను. తప్పు నీదే అన్నయ్యా,” అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా. మాట చిన్నగానే వచ్చింది కాని, అందరికీ వినబడింది.

బావగారు కంచం తోసేసి లేచిపోయాడు. ఆమె తన అన్నం పూర్తిగా తిని లేచింది. వేరే ఇల్లు దొరికేదాకా ఆ ఇంట్లోనే ఉన్నారు కాని, ఆమె ఆయన్ని మళ్ళీ బావగారూ అని పిలవలేదు. ఏదైనా చెప్పాల్సొస్తే, ఆయన ఎదురుగా ఉండగానే, భర్తవైపు తిరిగి “మీ అన్నయ్యతో చెప్పు” అనేది.