ఉదాహరణలో పేరు

పరీక్ష విడిచారు. పిల్లలు జవాబులు అరుచుకుంటూ గేటులోంచి వస్తున్నారు. మా నీలిమ అందరికన్నా వెనక వచ్చింది. అట్టను ఒక చేత్తో వేలాడేసుకుని, నేల చూసుకుంటూ వచ్చింది.

అది సివిల్ జడ్జి పరీక్ష. మొదటి మెట్టు దగ్గరే రెండుసార్లు తప్పి, ఈసారి వ్యాసాలు రాసే దాకా వచ్చింది. కుర్చీ మీద మోజుతో కాదు. మా పెద్దోడు మహేంద్ర మేముండే ఉర్లాలోనే ఒక ఇనుప కర్మాగారంలో పనిచేసేవాడు. రాగి తీగ పోయిందని పోలీసులు వాణ్ణి తీసుకెళ్లారు. పట్టుకున్న మనిషిని ఒక రోజులోపు మెజిస్ట్రేటుకు చూపించాలని అప్పట్లో మాకు తెలియదు. వాళ్లు చూపించలేదు. మూడోనాడు శవాన్ని ఇచ్చారు. మెట్ల మీంచి పడ్డాడన్నారు. నీలిమ అప్పుడు పన్నెండో తరగతి. “నా ముందుకు ఎవణ్ణి తెచ్చినా ముందు చొక్కా విప్పించి ఒళ్లు చూస్తాను” అని ఆ ఏడే లా కాలేజీలో చేరింది.

టీ బండి దగ్గర కూర్చున్నాం. దాంతో చదివిన పూర్ణిమ స్కూటీ ఆపింది.

“ఏం జడ్జి సాహిబా! అదనపు కాగితాలన్నీ నువ్వే లాక్కున్నావు. మాకు రెండైనా వదలాల్సింది” అని నవ్వి వెళ్లిపోయింది.

నీలిమ నవ్వలేదు.

“ఎలాగుందమ్మా పేపరు?” అన్నాను.

“అన్న ప్రశ్నే వచ్చింది నాన్నా. అరెస్టయిన మనిషికి ఏ హక్కులుంటాయో ఉదాహరణతో రాయమన్నారు.”

“మరింకేటి?”

“ధారలన్నీ, అదే సెక్షన్లన్నీ, రాశాను. యాభై, యాభై నాలుగు, యాభై ఏడు. ఒక్కటీ వదల్లేదు. ఉదాహరణలో ‘క’ అనే మనిషిని ‘ఖ’ అనే పోలీసు పట్టుకున్నాడని రాయాలి. ఎవరి పేరు రాసినా ఇది ఫలానావాళ్ల కాగితమని దిద్దేవాళ్లకు గుర్తు పెట్టినట్టే, జవాబుల పుస్తకం రద్దు. మోవాలో కోచింగ్ సార్ రోజూ చెప్పేవాడు. నాకు తెలుసు నాన్నా.”

 గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

“అన్న పేరు రాసేశాను. తెలుగులో.”

పరీక్షంతా హిందీలోనే. పని కోసం మేం వలసొచ్చిన ఈ హిందీ ఊళ్లో మా పిల్లలకు తెలుగు బడి లేదు. చిన్నప్పుడు పలక మీద ఇంట్లోవాళ్ల పేర్లు నేనే దిద్దించాను. వాళ్లకొచ్చిన తెలుగు రాత అంతే. వాడి పేరు దాని వేళ్లకు తెలుగులోనే తెలుసు. అంత పెద్ద హాల్లో మన అక్షరాలున్న కాగితం ఇంకెవరిది ఉంటుంది? గుర్తంటే అంతకన్నా గుర్తు లేదు.

“కొట్టెయ్యలేకపోయావా?”

“కాపలా ఉన్న మేడం చూసింది. మంచావిడే. ‘బేటీ, కనపడకుండా గీకేసి కింద మళ్లీ రాసుకో, ఇంకా టైముంది’ అంది. పెన్ను పెట్టాను నాన్నా. ‘మ’ మీద పెట్టాను. గీత లాగలేకపోయాను.”

“ఒక్క గీతే కదమ్మా.”

“కాగితం మీద కూడా అన్నను కొట్టెయ్యాలా నాన్నా, అదీ నేనా?”

దాని టీ కూడా నేనే తాగేశాను.

ఉర్లా ఆటో ఎక్కాం. ఇంటి గుమ్మంలోనే నా భార్య పైడమ్మ నిలబడి ఉంది.

“ఏ ప్రశ్నొచ్చినాదే?”

“అన్నదే అమ్మా.”

“ఆడిదే వచ్చినాదా! మరైతే పాసైపోయినట్టే. ఆడి గురించి నీకన్నా బాగా ఎవులు రాస్తారు?” అని దాని బుగ్గలు రెండూ పుణికింది. నా వంక చూసి, “ఆ మొగమేటి? మిఠాయైనా తేలేకపోనారా?” అంది.

పేరు రాసిన సంగతి చెప్పాల్సింది నేనే. కాళ్లు కడుక్కునే వంకన గోలెం దగ్గరికి పోయాను.

“ఏటేటి రాసినావో మొదలెట్టి సెప్పు. నానూ ఇంటాను” అంటోంది పైడమ్మ లోపల.

నీలిమ మొదలుపెట్టింది. ఫలానా ధార ప్రకారం ఎందుకు పట్టుకున్నారో ఆ మనిషికి చెప్పాలి. ఫలానా ధార ప్రకారం డాక్టరుకు చూపించాలి. అంతా కోర్టు హిందీ. పైడమ్మకు బజారు హిందీ వచ్చు గాని ఇది రాదు. అయినా ప్రతి ముక్కకీ ఊఁ కొడుతోంది. చెంబుతో నీళ్లు పోసుకోవడం ఆపి నేనూ విన్నాను. ఉదాహరణ దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఆగిపోయింది.

“ఊఁ,” అంది పైడమ్మ. “తరవాతేటే?”