కుడికంటి రెప్పవెంట్రుకలు

మా ఆయన కుడి భుజం మళ్ళీ గుమ్మానికి కొట్టుకుంది.

"ఈ గుమ్మం పెట్టిన వడ్రంగికి కొలతలు రావు," అని గొణిగారు.

"ఇన్నేళ్ళు పట్టిన గుమ్మం ఇప్పుడు పట్టట్లేదా? లావయ్యారేమో!"

నవ్వలేదు. అంతకుముందే కుడిచేతివైపు పెట్టిన గాజుగ్లాసు చెయ్యి తగిలించి పడేసి, నేనే అడ్డం పెట్టానన్నారు.

ఆయన చేతిగడియారాలు బాగుచేస్తారు. ఎడమకన్ను మూసి, కుడికంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత పళ్ళచక్రాలతో రోజంతా గడుపుతారు. కిందటేడు గ్లకోమా బయటపడేసరికే ఎడమకంటి చూపు సగం పోయింది. కుడికంట్లోనూ మొదలైందనీ, రోజూ పడుకునేముందు రెండింట్లోనూ చుక్క వేయాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ పని తానే చూసుకుంటానన్నారు.

గాజుముక్కలు ఏరి లేచేసరికి ఆయన కుర్చీలో కునుకు తీస్తున్నారు. మొహంలోకి చూశాను. ఎడమకంటి రెప్పవెంట్రుకలు పొడుగ్గా, దట్టంగా పెరిగాయి. ఆ మందుతో అలా పెరుగుతాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. "సినిమా హీరోయిన్నయితే ఎలా?" అని ఈయన నవ్వారు కూడా. కుడికంటివి మాత్రం ఎప్పటిలాగే పల్చగా, పొట్టిగా ఉన్నాయి.

భుజం తట్టి లేపాను.

"కుడికంట్లో వేసుకోవట్లేదు కదూ?"

"అది బాగానే ఉందిగా. మందేస్తే మంట, పొద్దున్నే ఎరుపు. మనకి అన్నం పెట్టే కన్నే అది. దాన్ని పాడుచేసుకోమంటావా? నీ ఉంగరం మీద గీత కూడా కనిపిస్తోంది చూడు!"

ఆ ఉంగరం చేతినే ఆయన కుడిపక్కకు చాచి వేళ్ళాడించాను.

"ఇప్పుడు నా చెయ్యి ఎక్కడుంది?"

ఆయన నా మొహాన్నే చూస్తూ, "ఏ చెయ్యి?" అన్నారు.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి లాక్కెళ్ళాను. పక్కచూపు పరీక్ష పెట్టారు. గిన్నెలాంటి యంత్రానికి మొహం ఆనించి, వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. తెర ఇవతల కూర్చుని ఆ మీట టిక్కుమనడం కోసం చెవులు రిక్కించాను. ఒకటి వినిపించింది. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు. నొక్కండి, కనిపించకపోయినా నొక్కేయండి అని లోలోపలే మొత్తుకున్నాను.

"ఏమ్మా," అన్నారాయన లోపల్నుంచి, పరీక్ష చేసే అమ్మాయితో, "మీ మిషన్ ఆగిపోయినట్టుంది, ఓసారి చూడండి."

పరీక్ష కాగితం డాక్టరమ్మ ముందుకు చేరింది.

"పోయిన చూపు నేను తేలేను," అంది డాక్టరమ్మ. "మధ్యలో కాస్త మిగిలింది. రోజూ చుక్క పడితేనే అది నిలిచే ఆశ. పూర్తిగా నిలుస్తుందని మాటివ్వలేను."

"చక్రం అరిగితే కొత్తది వేస్తాం కదమ్మా. దీనికి లేదా?" అని అడిగారాయన.

ఆమె తల అడ్డంగా ఊపింది.

పడుకునేవేళకు మందుసీసా నేను తీసుకున్నాను. మంచం మీద వెల్లకిలా పడుకుని చేత్తో తడిమారు.

"ఎక్కడున్నావే?"

"ఇక్కడే, మీ కుడిపక్కనే."

"ఎదురుగా రా."

వంగి, కుడికంటి రెప్ప లాగి పట్టుకున్నాను. చుక్క గురితప్పి చెంపమీద పడింది.

"పడిందా?"

"లేదు. తెరవండి, మళ్ళీ వేస్తాను."