మలుపులో చెరిగిన బాణం

గెలుపు టేపు ఇంకా బుల్లబ్బాయి ఛాతీ మీద వేలాడుతూనే ఉంది. రాజమండ్రి నుంచి పందేనికొచ్చిన వంశీ అప్పటికే అతని బనీను గుప్పిట పట్టాడు.

"బాణం ఎందుకు చెరిపారండీ?"

బనీను పట్టుకున్నా మర్యాద మాత్రం వదల్లేదు.

ప్రశ్న చెవిలో పడింది గానీ బుల్లబ్బాయి తలకెక్కలేదు. పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తిన నలభై నాలుగేళ్ళ మనిషికి ఆ నిమిషాన కావలసింది కూర్చోవడానికి జానెడు చోటు. ఎదురుగా బల్ల మీద కప్పు మెరుస్తోంది. పదకొండేళ్ళుగా ప్రతి జనవరి ఇరవై ఆరుకీ ద్రాక్షారామంలో ఈ పందెం పరిగెత్తి, ఎనిమిదోవాడిగానో తొమ్మిదోవాడిగానో వచ్చి, ఆ కప్పు ఇంకెవరో పట్టుకుపోతుంటే చూసి ఇంటికెళ్ళిపోయే మనిషి అతను. ఈ రెండువేల రెండులో టేపు తెగకుండా తనకోసం ఆగి ఉండటం చూసి, నమ్మలేక, వెనక్కి తిరిగి చూసుకుని మరీ దాటాడు.

"ఏ బాణం బాబూ?"

"మీ ఇంటి ముందు బాణం."

సంగతి ఇది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర దారి ఎడమకి తిరిగి కాలవ గట్టెక్కుతుంది. ఆ మలుపులో రోడ్డు మీద సున్నంతో పెద్ద బాణం గీశారు. వంశీ, అతని వెనకున్న ఆరుగురూ అక్కడికి వచ్చేసరికి బాణం లేదు. పొరుగూళ్ళ వాళ్ళు, దారి తెలీదు. నేరుగా కోటిపల్లి వైపు రెండు కిలోమీటర్లు పోయాక అనుమానమొచ్చి, దారిన పోయే ఇటుకల ట్రాక్టరెక్కి తిరిగొచ్చారు. ఎనిమిదోవాడు బుల్లబ్బాయి. మలుపులో ఉన్న పెంకుటిల్లు అతనిదే. సొంత ఇంటి దగ్గర ఎటు తిరగాలో చెప్పడానికి అతనికి బాణం అక్కర్లేదు.

"అబ్బ, ఏం తెలివండీ," అన్నారు గుంపులో ఎవరో. "కాళ్ళు పరిగెత్తకపోతే బుర్ర పరిగెత్తింది."

జగన్నాథరాజు గారు చెయ్యెత్తారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఇరవై ఏళ్ళుగా ఈ పందెం నడిపిస్తున్నది ఆయనా, ఆయన క్లబ్బూ.

"వదులు బాబూ. ఫణీంద్రా, ఇలా రా. మలుపులో జెండా పట్టుకుని నిలబడాల్సింది నువ్వేగా?"

ఎరువుల కొట్టు ఫణీంద్ర ముందుకొచ్చాడు.

"ఆరుంబావుకి నా చేత్తోనే గీశానండి బాణం. తర్వాత కాస్త టీకి వెళ్ళానండి."

"ఎన్నింటికి?"

"ఏడుంబావు దాటిందండి."

"పందెం మొదలైంది ఏడింటికి. సరిగ్గా మనుషులొచ్చే వేళకి నీకు టీ కావాల్సొచ్చిందా?"

"బాణం ఉంది గదాని..."

"వెళ్ళమని ఎవరన్నా అన్నారా?"

ఫణీంద్ర ఒక్కసారి బుల్లబ్బాయి వైపు చూశాడు. వెంటనే తల దించుకున్నాడు. "లేదండి. నేనే వెళ్ళాను."

"పదండి, చూసొద్దాం," అన్నారు మాస్టారు. "అందాకా కప్పు ఎవరిదీ కాదు. బుల్లబ్బాయి చెరిపించాడని తేలిందా, మళ్ళీ ఈ పందెంలో కాలు పెట్టడు. లేదూ, ఇది ఫణీంద్ర నిర్వాకమే అంటారా, క్లబ్బులో ఉండడు."

జీపులో నలుగురూ ఇరుక్కున్నారు. బుల్లబ్బాయి పిక్కలు రెండూ పట్టేశాయి. కాలు చాపుకుందామంటే ఎదురుగా వంశీ మోకాళ్ళు.

"మీ టైమెంతండీ?" అన్నాడు వంశీ, కోపంగానే.

"యాభై ఎనిమిది నిమిషాలు."

"నాది నలభై రెండు అయ్యుండేది."

"అయ్యుండేది బాబూ. నేను కాదన్నానా?"

కుర్రాడు బయటికి చూశాడు. కాసేపటికి మోకాళ్ళు కొంచెం పక్కకి జరిపాడు.

బుల్లబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. చెరిపింది తను కాదు, అంతవరకు నిజం. మరెవరు? పోటీ వాళ్ళా? వాళ్ళే కదా దారి తప్పింది. తనకి కప్పు రావాలని కోరుకునేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరున్నారు? నవ్వొచ్చింది. ఎవరూ లేరు. తనకే ఆ కోరిక అరిగిపోయి చాలాకాలమైంది. అలవాటు మాత్రం మిగిలింది. మలుపు తిరిగేటప్పుడు కాలు కొద్దిగా జారిన సంగతి గుర్తొచ్చింది. ఇంకోటి కూడా. ఏటా ఆ మలుపులో మజ్జిగ గ్లాసుతో నిలబడే భార్య ఈసారి కనబడలేదు.

జీపు ఆగింది.

పెంకుటింటి గుమ్మం దిగితే రోడ్డే. వాకిలి నుంచి రోడ్డు సగం దాకా ఇంత మేర కళ్ళాపి చల్లి ఉంది. పేడనీళ్ళ తడి ఇంకా ఆరలేదు. మధ్యలో నాలుగు చుక్కలతో వంకర ముగ్గు. జీపు అలికిడికి ఇంటి తలుపు కాస్త తెరుచుకుని, అలాగే ఆగిపోయింది.

"ఇదన్నమాట," అన్నారు మాస్టారు. "తెల్లారగట్ల ఇంటివాళ్ళు కళ్ళాపి చల్లుకున్నారు. తెలీక బాణం కూడా కొట్టుకుపోయింది. అంతేగా ఫణీంద్రా?"

అవునంటే అయిపోయేది. ఫణీంద్ర మాత్రం నిజం మనిషి. "నేనొచ్చేటప్పటికే చల్లేసి ఉందండి. ఇంత పెద్ద తామరపువ్వు ముగ్గు. దాన్ని తొక్కకుండా పక్కకి జరిగి గీశానండి."

ఆ తామరపువ్వుని బుల్లబ్బాయీ చూశాడు. అయిదున్నరకి ఇంట్లోంచి బయల్దేరినప్పుడు దాని మీంచి దాటే వెళ్ళాడు. ఇప్పుడు లేదు. శవం లేచిన ఇంట్లో తప్ప ఒకే పొద్దున రెండుసార్లు కళ్ళాపి చల్లే ఆడమనిషి ఈ సీమలో లేదు.

అతనికి అర్థమైపోయింది. నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని భార్య అతని మోకాళ్ళకి ఆముదం రాసింది.

"ఇంకెన్నాళ్ళిలా?"

"ఒక్క కప్పు. అదొస్తే బూట్లు అటకెక్కిస్తాను."

"ఒట్టేనా?"

"ఒట్టే."

ఆవిడ సీసా మూత బిగించి, చేతులు తుడుచుకుంటూ, అడగాల్సిన ఆఖరి మాట అడిగింది. "మీకన్నా ముందు ఎంతమంది ఉంటారేంటి?"

"ఏడుగురో, ఎనిమిదిమందో."

పదకొండేళ్ళు. అతను నాలుగింటికి పరుగుకి వెళ్ళాలంటే ఆవిడ మూడున్నరకి లేవాలి. నీళ్ళు కాచాలి, పెసలు ఉడకబెట్టాలి, చెమట బనీన్లు ఉతకాలి, తర్వాత గేదెల పని, ఆ తర్వాత చేను. అతను అలసిపోయానని చెప్పుకోవడానికి ఊరంతా ఉంది. ఆవిడ ఎవరితో చెప్పుకుంది?

"నేనే చెరిపానండి," అన్నాడు బుల్లబ్బాయి.

"నోర్ముయ్," అన్నారు మాస్టారు. "ఆరింటి నుంచీ నా పక్కనే ఉన్నావు. నీ నంబరుకి పిన్నులు పెట్టింది నేను. ఎవర్ని దాస్తున్నావు?"

ఫణీంద్ర చొక్కాకున్న క్లబ్బు బ్యాడ్జీ విప్పడం మొదలుపెట్టాడు. పిన్ను ఊడి రాలేదు. "నా పేరు రాసేసుకోండి మాస్టారూ. మనిషన్నాక చోటు వదిలి వెళ్ళకూడదు. ఎవరు వెళ్ళమన్నా వెళ్ళకూడదు."

"అంటే వెళ్ళమన్నారన్నమాట," అన్నాడు వంశీ మెల్లగా.

"నేను అలా అన్లేదండి."

బుల్లబ్బాయి తలుపు వైపు చూశాడు. సందులోంచి ఆవిడ కనిపిస్తోంది. చీర కుచ్చిళ్ళకి పేడనీళ్ళు, చేతిలో ఖాళీ బకెట్టు. బతిమాలే చూపు కాదది. రాత్రి గిన్నెలన్నీ తోమేశాక పొయ్యి గట్టుకి ఆనుకుని ఎలా చూస్తుందో అలా చూస్తోంది. ఫణీంద్ర చేతిలో బ్యాడ్జీ చూసింది. భర్తకేసి తిరిగి, తల చిన్నగా ఊపింది. కానివ్వండి, అన్నట్టు.

పెళ్ళై ఇరవై రెండేళ్ళు. ఇంట్లో "ఇదిగో" అంటాడు. బయట "మా ఇంట్లో వాళ్ళు" అంటాడు. రేషన్ షాపులో అడిగితే కార్డు చూపిస్తాడు. ఆవిడ పేరు నలుగురిలో అతని నోట ఒక్కసారి కూడా రాలేదు.

"అడిగేది నిన్నే బుల్లబ్బాయ్. ఎవరు?"

అతను అరుగు మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచీ అతనికి దొరికిన మొదటి చోటు అది. బూటు తాడు విప్పుకున్నాడు, ఒకటి, తర్వాత రెండోది.

"మాణిక్యాంబ," అన్నాడు.