పంచాంగంలో లేని గ్రహణం

నౌరీన్ బొమ్మలకు ఇంతవరకూ ఎవరూ భయపడింది లేదు. నార్కట్‌పల్లి హైవే పక్కన ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో ఆమెది డిజైన్ పని. పొద్దంతా పుట్టినరోజు మొహాలకు దండలు తగిలించి, తీరిక దొరికితే లోకంలో లేని గ్రహాలను తయారు చేసుకునేది. ఒకదానికి ఉంగరాలు, ఇంకోదానికి మూడు చందమామలు. "గివి యాడున్నయే?" అని తల్లి అజీజా బేగం అడిగితే, "నా లాప్‌టాప్‌ల ఉన్నయమ్మీ" అని నవ్వేది.

ఆ శుక్రవారం దుకాణానికి సెలవు. పదకొండు గంటలకు అజీజా బేగం పక్కింటి పిట్టగోడ దగ్గరి నుంచి వచ్చి, "పాపం ప్రవళిక. నర్సింగమ్మ కోడల్ని చీకటర్రల పండవెట్టింది. పొద్దటి సంది మంచినీళ్లు గూడ ఇస్తలేదంట. గ్రహణమంట" అంది.

"ఏం గ్రహణం?"

తల్లి ఫోన్ చూపించింది. ఎర్రటి గోళం ఒకటి సూర్యుణ్ణి సగం మింగింది. కింద ఎవరో రాశారు: పంచాంగాలకు అందని గ్రహణం, శుక్రవారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఐదు వరకు, గర్భిణులు కదలరాదు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరాదు.

నౌరీన్ ఫోన్ లాక్కుని చూసింది. ఆ బొమ్మ తనదే, సరదాకు తనే ఆన్‌లైన్‌లో పెట్టింది. అంతకంటే సిగ్గుచేటు సంగతి మరొకటుంది. మూడు రోజుల కిందటే ఈ మెసేజ్ ఆమె చూసింది. చూసి మురిసిపోయింది. జనం నిజం ఫొటో అనుకుంటున్నారంటే ఎంత బాగా కుదిరిందో అనుకుందే తప్ప, 'ఇది నేను చేసింది' అని ఒక్కరికైనా చెప్పిన పాపాన పోలేదు. ఆ రాతను నమ్మి ఎవరైనా గొంతు ఎండబెట్టుకుంటారని తట్టనే లేదు మహాతల్లికి.

ప్రవళికకు ఎనిమిదో నెల. రక్తం తక్కువుందని, కడుపు మాడ్చుకోవద్దని దవాఖానలో మరీ మరీ చెప్పి పంపారు. భర్త దివాకర్ లారీ తీసుకొని కొత్తకోట దిక్కు పోయాడు. ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్లే.

నౌరీన్ వెళ్లేసరికి నర్సింగమ్మ ఆ గది గడప మీదే కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, అది గ్రహణం గాదు. నేను చేసిన బొమ్మ. వదినకు నీళ్లియ్యి."

"నువ్వు సూర్యుణ్ణి జేసినవా బిడ్డా? చాలు తియ్యి."

"బయటికొచ్చి చూడు, ఎండ..." అంటూ ఆగిపోయింది నౌరీన్. మూడు రోజులుగా ముసురు. సూర్యుడు సగమున్నాడో నిండుగా ఉన్నాడో చెప్పే దారి లేదు.

నర్సింగమ్మ గొంతు తగ్గించింది. "దివాకర్ కడుపుల ఉన్నప్పుడు గిట్లనే ఒకామె ఏంగాదన్నది. గ్రహణం పూట బీరకాయ గోసిన. పెదివి చీలి పుట్టిండు నా కొడుకు. పాలు తాగరాక మూడు నెల్లు ఏడ్సిండు. కుట్లేసినా ఇప్పటికీ మూతికి చెయ్యడ్డం పెట్టుకొనే నవ్వుతడు. ఇంకోసారి గట్ల గానియ్య."

మొండితనమైతే కొట్లాడొచ్చు. ఇది భయం.

లోపలి నుంచి ప్రవళిక గొంతు సన్నగా వినిపించింది. "అత్తా, కడుపుల బిడ్డ మెదుల్తలేదు. పొద్దటి సంది."

"గ్రహణం ఇడిసినంక మెదుల్తది. నువ్వు కదలకు." అన్నదే గాని, నర్సింగమ్మ కూర్చున్నచోటి నుంచే తలుపుకు చెవి ఆనించింది.

నౌరీన్ ఇంటికి ఉరికి లాప్‌టాప్ పట్టుకొచ్చింది. అదేమో ముసలి యంత్రం, పెద్ద ఫైలంటే దానికి ఆయాసం. బొమ్మ తెరుచుకునేలోపు ఆమె ప్రాణం సగం పోయింది. తీరా తెరుచుకుంటే నర్సింగమ్మ చూడనని మొహం తిప్పుకుంది.

"ఒక్కసారి పెద్దమ్మా. నీకు దండం పెడత."

కంప్యూటర్‌లో ఆ బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. నౌరీన్ ఒక్కో పొరా తీసేసింది. సూర్యుడి మంట పోయింది. నీడ పోయింది. ఎరుపు పోయింది. చివరికి ఒక జొన్నరొట్టె మిగిలింది.

గ్రహాల నేలకు గరుకుదనం కావాలి. తుప్పురేకులు, పెచ్చులూడిన గోడలు, ఏది దొరికితే దాన్ని ఫొటో తీసి వాడుకునేది నౌరీన్. పిట్టగోడ మీదుగా నర్సింగమ్మ అందించే రొట్టె కంటే మంచి నేల ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు.

నర్సింగమ్మ వంగి చూసింది. రొట్టె మీద చేతివేళ్ల అచ్చులున్నాయి. మూడు నిండుగా, నాలుగోది సగమే. ఆమె తన కుడిచేతిని తెర పక్కన పెట్టింది. చిటికెన వేలు ఎప్పుడో కొడవలికి సగం తెగిపోయింది.

"గిది నా రొట్టె," అంది.

మరుక్షణం లేచి తలుపు బార్లా తెరిచింది. కోడలిని లేపి కూర్చోబెట్టి చెంబెడు నీళ్లు తాగించింది. బెల్లం ముక్క, రొట్టె తుంపి నోట్లో పెట్టింది. అజీజా బేగం ఆటో కోసం రోడ్డు మీదికి పోయింది. నౌరీన్ ప్రవళిక కడుపు మీద చెయ్యేసి, లోలోపల అల్లాను వేడుకుంటూ కూర్చుంది. ఎంతసేపటికీ ఏమీ లేదు. వాకిట్లో ఆటో చప్పుడు అయినప్పుడు ప్రవళిక ఉలిక్కిపడింది.

"తన్నిండత్తా."

ఇంకోసారి తన్నాడు, సరిగ్గా నౌరీన్ అరచేతి కిందే. ఆమె ఏడ్చేసింది. "బొమ్మ నాదని మూడు దినాల కిందనే చెప్పాల్సింది పెద్దమ్మా. అందరు మెచ్చుకుంటుంటే ఊకున్న. తప్పు నాదే."

నర్సింగమ్మ విన్నదో లేదో. అందరూ ఆటో ఎక్కాక, కోడలి తల ఒళ్లో పెట్టుకొని నెమ్మదిగా అడిగింది. "బిడ్డా, దివాకరప్పటి గ్రహణం గూడ గిట్ల ఎవలన్న చేసిందేనా?"

అవునంటే నర్సింగమ్మకు ముప్పై ఏళ్ల బరువు దిగిపోయేది. కానీ నౌరీన్‌కు ఇంకో అబద్ధం నోట రాలేదు.

"అది నిజమైందే పెద్దమ్మా. గని దివాకరన్న పెదివి చీలింది నువ్వు బీరకాయ గోసినందుకు గాదు. గ్రహణం బిడ్డల్ని ఏం జెయ్యది."

"గీ మాట అప్పుడు చెప్పేటోళ్లు లేకపాయె," అంది నర్సింగమ్మ. దవాఖాన వచ్చేదాకా కోడలి తల నిమురుతూ ఏడుస్తూనే ఉంది.